దేవుని గురిగిలో తాత పేరు

కొత్తగూడ ఇల్లు ఖాళీ చేసి తెల్లాపూర్ ఫ్లాట్‌లోకి మారడానికి సామాను సర్దుతుంటే మా అమ్మాయి కీర్తన చేతికి ఆ గురిగి దొరికింది. అటక మీద రేకు పెట్టెలో, పాత దుప్పటి మడతల మధ్య ఉంది. రెండు అరచేతుల్లో ఇమిడే చిన్న మట్టికుండ. మూతి దగ్గర పెచ్చు ఊడింది, ఒక పక్క పొగచూరి నల్లగా ఉంది. "అమ్మా, ఇది పడేద్దామా? కొత్త కిచెన్ల దీన్ని ఎక్కడ పెడ్తవ్?" అంది. "ముట్టుకున్నవంటే ఊకోను, కింద పెట్టు!" అని అరిచాను. ప్యాకర్ల మనుషులు కూడా చేతిలో పని ఆపి చూశారు. కుండ మీద అంత ప్రేమ ఏమిటా అనుకుని ఉంటారు. నిజానికి నా కోపం కుండ గురించి కాదు.

అంతకు ముందు ఆదివారం నేను చర్చికి చీర కట్టుకుని, "లేట్ అయితుంది, లే" అని పిలిస్తే, కీర్తన ల్యాప్‌టాప్ మూసి నా వైపు తిరిగింది. "అమ్మా, నేను రాను. ఈ ఒక్క వారమే అని కాదు. నాకు నమ్మకం లేదు. చాలా రోజుల సంది లేదు. నీకు బాధైతదని చెప్పలే," అంది. అందులో పొగరుంటే పోట్లాడేదాన్ని. టీచరుగా బతికినదాన్ని, మాటకు మాట అప్పజెప్పడం నాకు కొత్తా? కానీ అది ఎంతో జాగ్రత్తగా, నన్ను నొప్పించకుండా చెప్పాలని చూసింది. ఒక్కదాన్నే ఆటో ఎక్కి వెళ్ళాను. అందరూ పాటలు పాడుతుంటే నేను పెదవులు మాత్రం కదిపాను. నా బిడ్డ ఈ లోకంలో నా పక్క గదిలోనే ఉంటుంది, అది నాకు తెలుసు. ఆ లోకంలో నాకు దక్కదేమోనన్న భయం మాత్రం ఆ రోజు నుంచి నా గుండెలో కూర్చుంది. ఆ భయంతోనే గిన్నెలు సర్దాను, ఆ భయంతోనే పిల్ల మీద అరిచాను. గురిగిని చీర కొంగుతో తుడుస్తుంటే మాత్రం, ఇదే భయాన్ని నాకంటే ముందు మోసిన ఒక మనిషి గుర్తొచ్చింది. మా అవ్వ, అంటే మా నాన్నను కన్న తల్లి, సుగుణమ్మ.

అప్పటి కొత్తగూడ గురించి చెబితే కీర్తన స్నేహితులు నేను కట్టుకథ చెబుతున్నాననుకుంటారు. ఇప్పుడు ఫ్లైఓవర్ దిగి కార్లు హారన్లు కొట్టుకునే చోట ఏనుగులంత బండరాళ్ళు ఉండేవి, వాటి సందుల్లో సీతాఫలం చెట్లు. మా తాత బాలయ్య ఆ బండలు కొట్టి బతికేవాడు. ఆయన ఇంటికొస్తే ఆయనకంటే ముందు రాతిదుమ్ము వాసన, బీడీ వాసన వచ్చేవి. మా అమ్మానాన్నలు బొంబాయి మిల్లులో పనికి పోతూ నన్ను అవ్వ దగ్గర వదిలారు. ఒక గది, ఒక వంటకొట్టం, ముందు చిన్న వాకిలి, గుమ్మం పక్కన తాత తెచ్చి వేసిన నాపరాయి. తెల్లవారగానే పిడకల పొగ ఇల్లంతా కమ్మేది. ఆ పొగలో దగ్గుతూ లేచేదాన్ని. ఇప్పటికీ ఎక్కడైనా పిడకల పొగ వాసన తగిలితే నాకు ఆకలవుతుంది.

అవ్వ ఎసరు పెట్టి, చాటలో బియ్యం చెరిగి, కడగబోయే ముందు గురిగిని దగ్గరికి లాక్కునేది. ఇంట్లో తినే ప్రతి నోటి పేరు మీదా ఒక పిడికెడు తీసి అందులో వేయాలి. బియ్యమున్ననాడు బియ్యం, లేనినాడు జొన్నలు. వారమంతా అలా పోగైనది ఆదివారం చర్చికి చేరేది, అక్కడి నుంచి దిక్కులేని ముసలివాళ్ళకు. మా వాడలో క్రైస్తవుల ఇళ్ళన్నిటిలోనూ ఈ పద్ధతి ఉండేది, పిడికెడు బియ్యం కానుక అనేవారు. మిగతా ఇళ్ళలో గబగబా వేసి పని చూసుకునేవారు. మా అవ్వ మాత్రం ఒక్కొక్క పిడికిలీ గురిగి మూతి మీద పట్టుకుని, కళ్ళు మూసుకుని, పేరు చెప్పి, ఆ మనిషి గురించి దేవుడితో కాసేపు ముచ్చట పెట్టేది. బొంబాయిలో ఉన్నా సరే మా నాన్నది, అమ్మది, ఆ తర్వాత నాది అయ్యాక చివరిది తాత వంతు. ఆ పిడికిలి ఎంతసేపటికీ విచ్చుకునేది కాదు. "బాలయ్య, ప్రభువా. బాలయ్య," అనేది. చెంపల మీద కన్నీళ్ళు కారుతుంటే తుడుచుకునేది కూడా కాదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో ఆడది మొగుడి పేరు నోటితో పలికేది కాదు. అవ్వ తాతను "ఇగో" అనేది, "ఏమయ్యా" అనేది, పక్కవాళ్ళతో అయితే చిన్న కొడుకు పేరు మీద "దానియేలు నాయిన" అనేది. ఎవరైనా సర్కారు మనిషి వచ్చి ఇంటి పెద్ద పేరు అడిగితే సిగ్గుపడి నన్ను మోచేత్తో పొడిచేది, నేను చెప్పాలి. అలాంటిది గురిగి దగ్గర మాత్రం విడమరిచి చెప్పేది. "అవ్వా, తాత పేరు చెప్తే తప్పు గద?" అని అడిగాను ఒకసారి. "దేవుని కాడ సిగ్గేంది బిడ్డా? ఎవర్ని దేవులాడాల్నో ఆయనకు ఆనవాలు చెప్పాలె గద," అంది.

తాతేమో గుమ్మం పక్కన నాపరాయి మీద, మాకు వీపు పెట్టి కూర్చుని బీడీ కాల్చేవాడు. పనికి పొద్దుపోతున్నా అక్కడి నుంచి లేచేవాడు కాదు. అంతా విని, "నా పేరైందా? ఇగ బువ్వ పెడ్తవా?" అనేవాడు. "కాలే. జర సేపు కూసో," అనేది అవ్వ ముక్కు చీదుకుంటూ. ఈ మాటలు రోజూ ఇవే. నాకది నవ్వులాటలా ఉండేది.

తాత పుట్టుకతో నమ్మనివాడేం కాదు. చర్చి మెట్లకు రాళ్ళు చెక్కింది ఆయనే. దానియేలు అని వాళ్ళకొక చిన్న కొడుకు ఉండేవాడట, నేను పుట్టకముందే జ్వరంతో పోయాడు. సంఘమంతా మోకరించి ప్రార్థన చేశారు, తాత కూడా మోకాళ్ళ మీద ఉన్నాడు. పిల్లవాడు దక్కలేదు. ఆ తర్వాత తాత ఆ మెట్లు ఎక్కలేదు. పండుగ రోజు అందరూ పోతుంటే మేకలకు ఆకు కోయడానికి పోయేవాడు. చర్చి గోడ ఒకసారి వానకు ఒరిగితే, "పోరగాండ్ల మీద పడ్తది" అని పిలవకుండానే వెళ్ళి కట్టి వచ్చాడు, లోపలికి మాత్రం తొంగిచూడలేదు. ఒక రోజు ఇద్దరూ అదే మాట మీద వాదులాడుకోవడం విన్నాను. "పోరడు పోయిన దినం నీ దేవుడు ఎక్కడున్నడు?" అన్నాడు తాత. "నా పక్కన కూసోని ఏడుస్తున్నడు," అంది అవ్వ. "ఏడ్సుడెందుకు? ఆపొచ్చు గద!" అన్నాడు. అవ్వ దగ్గర దానికి జవాబు లేదు. ఉన్నట్టు నటించనూ లేదు. కంచం ఆయన ముందుకు జరిపి, చారు పోసింది. ఆ తర్వాత జీవితంలో ఎన్ని ప్రసంగాలు విన్నానో, జవాబు లేని చోట అంత నిజాయితీగా ఊరుకున్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

సండే స్కూల్లో ఒకసారి టీచరమ్మ నల్లబల్ల మీద రెండు దారులు గీసింది. ఒకటి పైకి, ఒకటి మంటల్లోకి. నమ్మనివాళ్ళందరూ రెండో దారిన పోతారని చెప్పి, సుద్దముక్కతో మంటలు ఇంకా పెద్దవి చేసింది. ఆ మధ్యాహ్నం నాకు ముద్ద దిగలేదు. తాతకు సద్ది తీసుకుని అవ్వా నేనూ బండల మధ్య నడుస్తుంటే ఏడుపు ఆపుకోలేకపోయాను. "అవ్వా, తాత నిప్పుల పడ్తడా?" అన్నాను. అవ్వ ఆగిపోయింది. గంప దించి ఒక బండ మీద కూర్చుని నన్ను ఒళ్ళోకి లాక్కుంది.

"ఎవరు చెప్పిండ్రు?"

"టీచరమ్మ."

"చెప్పేటప్పుడు ఆమె ఏడ్చిందా?"

"లేదు."

"గట్లయితే ఆమెకు సగమే ఎరుక బిడ్డా," అంది అవ్వ. దూరంగా పట్నం దిక్కు చూస్తూ మెల్లగా చెప్పింది. యేసు ఒకసారి గుట్ట మీద నిలబడి, తనను వద్దనుకున్న పట్నాన్ని చూసి ఏడ్చాడట. "తన్ని పొమ్మన్నోళ్ళ కోసం ఏడ్చిండు. మనల్ని ఎవరన్న పొమ్మంటె మనం ఏడుస్తమా, తిడ్తమా? ఆయన ఏడ్చిండు. గంతే నాకు కావాలె." నాకది చాలలేదు. "మరి తాత ఏమైతడు?" అని పట్టుబట్టాను. "నాకు తెల్వదు. తెల్సినట్టు నీకు అబద్ధం చెప్ప. నమ్మకపోతే ఆయనకు దూరమైతమని వాక్యంల ఉన్నది, దాన్ని నేను తుడిచెయ్యలేను. కానీ ఆయన ఖుషీగ ఎవర్నీ ఇడ్సిపెట్టడు బిడ్డా. మీ తాత రాకపోతే నాకన్న ముందు ఆయనకే బువ్వ సయించది." అలా అని కళ్ళు తుడుచుకుని లేచింది. క్వారీ దగ్గర తాత తన జొన్నరొట్టెలో సగం విరిచి నా చేతిలో పెట్టాడు. ఆ రొట్టె తింటూ ఆయన్నే చూస్తూ కూర్చున్నాను. పిల్లకు ఏమైందని తాత పరేషాన్ అయ్యాడు.

ఆ ఏడు వానలు పడినన్నాళ్ళూ తాత దగ్గుతూనే ఉన్నాడు. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోయిందని అందరూ అన్నారు. అవ్వకు భయం పట్టుకుంది. తాత పేరు మీద తీసిన పిడికిళ్ళను అప్పటి నుంచి వేరే మూటగా కట్టి దాచడం మొదలుపెట్టింది. కోతపండుగ రోజు, అంటే కొత్త పంటలో భాగం దేవుడికి తెచ్చే రోజున, రెండు మూటలు నెత్తిన పెట్టుకుని చర్చికి బయలుదేరింది. గుమ్మడికాయలు, కోళ్ళు, బియ్యం అన్నీ ముందు పరిచిన దుప్పటి మీద పెడుతున్నారు. సంఘపెద్ద ఒక్కొక్క కానుకా ఎవరిదో గట్టిగా చెబితే అందరూ "స్తోత్రం" అంటున్నారు. మా మొదటి మూట అయింది. "ఈ రెండోది ఎవరిదమ్మా?" అన్నాడాయన. అవ్వ తల వంచుకుంది. వెనక నుంచి ఎవరో, "దానియేలు నాయినది గావచ్చు," అన్నారు. సంఘపెద్ద ఇబ్బందిగా గొంతు సవరించుకున్నాడు. చెడ్డవాడు కాదు, పద్ధతి తప్పకూడదని ఆయన తాపత్రయం. "ఆయన సంఘంల లేడు గద సుగుణమ్మా. నమ్మనోని కానుక ఈడ ఎట్ల పెడ్తం? అది ఇంటికి తీస్కపో," అన్నాడు.

అవ్వ కొంగు తల మీదికి లాక్కుని నిలబడింది. మూట గుండెలకు అదుముకుంది. "పెద్దయ్యా, ఇంట్ల ఉన్నోళ్ళు తండ్రి కండ్ల ముందటనే ఉంటరు. ఇంటికి రానోని పేరే గద ఆయన వాకిట్ల నిలవడి పిలిచేది? మీరు పిలువకుంటె మానె. నేనే పిలుస్త," అంది. ఆపైన ఆ చర్చి పైకప్పుకు తగిలేలా, "బాలయ్యా!" అని పిలిచింది. ఆడవాళ్ళు నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. ఎవరో కిసుక్కున నవ్వి, అంతలోనే ఆపేశారు. మొగుడి పేరు పలకడానికి సిగ్గుపడే మా అవ్వ, అంతమంది మగవాళ్ళ ముందు! నాకు భయమేసి ఆమె చీర పట్టుకున్నాను. అయ్యగారు, మా పాస్టరు, ముసలాయన, తన కుర్చీలోంచి దిగి వచ్చి మూటను రెండు చేతులతో అందుకున్నారు. అన్ని కానుకల నడిమధ్య పెట్టారు. ప్రార్థన చేయబోయి, "బాలయ్య" అని మాత్రం అని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. సంఘపెద్దే ముందుగా "స్తోత్రం" అన్నాడు. ఆయన మీద నాకు ఆ క్షణం నుంచి ఏ కోపమూ లేదు.

మేము ఇల్లు చేరేసరికే కబురు తాతకు చేరిపోయింది. నాపరాయి మీద ఎర్రబడ్డ మొహంతో కూర్చుని ఉన్నాడు. "నన్ను అడగకుండ నా పేరు ఆడ ఎట్ల పెడ్తవ్? నేనేమన్న తప్పిపోయిన మేకనా?" అని లేచాడు. ఆయన కోపంలో న్యాయం ఉందని నాకిప్పుడు తెలుస్తోంది. అవ్వ లోపలికి పోయింది. పండుగ పూట తాత అన్నం ముట్టలేదు. ఎండ వాలాక నన్ను సీతాఫలం చెట్టు చాటుకు పిలిచి, అటూ ఇటూ చూసి, "నిజంగ నోటితోనే చెప్పిందా? అందరి ముందట?" అని అడిగాడు. "అవును తాతా, మస్తు జోరుగ." "ఎట్ల చెప్పింది?" నేను గొంతు పెద్దది చేసి "బాలయ్యా!" అని అరిచి చూపించాను. తాత నవ్వాడు. నవ్వుతుంటే దగ్గు వచ్చింది, దగ్గుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. లోపలికి వెళ్ళి, "ఇగ బువ్వ పెడ్తవా?" అన్నాడు. పనికి పొద్దుపోతున్నా రోజూ ఆ రాయి మీద ఎందుకు కూర్చునేవాడో నాకు పెళ్ళయ్యాక గాని అర్థం కాలేదు. భార్య నోట తన పేరు వినగలిగే చోటు ఆయనకు లోకంలో అదొక్కటే.

అందరూ తాత గురించి భయపడితే అవ్వ ముందు పోయింది. చలికాలంలో జ్వరమొచ్చి, మంచం మీద ఎక్కువ రోజులు లేదు. మట్టి చేసిన మర్నాడు బొంబాయి నుంచి వచ్చిన మా అమ్మ పొయ్యి రాజేసింది. ఆమెకు గుర్తు లేక చాటలో బియ్యం తీసుకుని కడగబోయింది. రాయి మీద కూర్చున్న తాత చాలాసేపు చూశాడు. బీడీ దానంతటదే ఆరిపోయింది. ఎన్నడూ పొయ్యి దగ్గరికి రాని మనిషి లేచి లోపలికి వచ్చి, అమ్మను ఆగమని చెయ్యి చూపి, ఒక పిడికెడు బియ్యం తీసి గురిగి మీద పట్టుకున్నాడు. అవ్వతో మాట్లాడుతున్నాడనుకున్నాను. కాదు.

"సూడు," అన్నాడు. "నువ్వున్నవో లేవో నాకు తెల్వదు. ఉన్నవని ఆమె అంటుండె. రోజూ నా పేరు నీకు చెప్తుండె. ఇయ్యాల్టి సంది చెప్పేటోళ్ళు లేరు. నాకైతే పానం ఆగుతలేదు. నీకు గూడ గట్లనే ఉండొచ్చు."

పిడికిలి విప్పి బియ్యం వదిలాడు. మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. తాత నా వైపు తిరిగి, "రూతూ, రేపటి సంది నువ్వు చెప్పు," అన్నాడు. ఆయన ఉన్నన్నాళ్ళూ నేనే చెప్పాను, ఆయన రాయి మీద కూర్చుని "అయిందా?" అని అడుగుతూనే ఉన్నాడు. తాత చివరి దాకా బాప్తిస్మం తీసుకోలేదు. ఆఖరి ఘడియలో నమ్మాడని మా చుట్టాలు కొందరు చెప్పుకుంటారు. నేను పక్కనే ఉన్నాను, అలాంటిదేమీ జరగలేదు. అయ్యగారు మాత్రం ఎవరు గొణిగినా వినకుండా ఆయన్ని అవ్వ పక్కనే సమాధి చేయించారు. తాత ఇప్పుడు ఎక్కడున్నాడని అడిగితే అవ్వ చెప్పిన జవాబే నా దగ్గరా ఉంది.

తాత కొట్టిన బండల చోట ఇప్పుడు అద్దాల మేడలు లేచాయి. ఆ మేడల్లో ఒకదానిలోనే కీర్తన ఉద్యోగం. మేము వెళ్ళే చర్చిలో ఏసీ, పెద్ద తెర, తియ్యటి సంగీతం. కానుకకు గోడ మీద స్కాన్ చేసే బొమ్మ ఉంది, ఫోను చూపిస్తే చాలు. అందులో తప్పేమీ లేదు, నేనూ చూపిస్తాను. అయితే నమ్మనివాళ్ళ గతి గురించి ఎవరైనా మైకులో గొంతు పెంచినప్పుడు, ఆ మనిషి కళ్ళలో తడి ఉందా అని వెతకడం నాకు అలవాటైపోయింది. అవ్వకు అక్షరం రాదు, తన వాదనతో ఒక్కరినైనా మార్చిందని నేను చెప్పలేను. కానీ దేవుడి దుఃఖాన్ని తన దుఃఖంగా మోసింది, ఆ మోతలో తాత మీద ప్రేమ రవ్వంత తగ్గనివ్వలేదు. ఆమె చేతిలో పెరిగినదాన్ని, కన్నబిడ్డ ఒక్క నిజం చెప్పేసరికి వారం రోజులు మొహం మాడ్చుకు తిరిగాను. ఎంత తేడా!

కొత్త వంటింట్లో గురిగిని కడిగి, ఆరబెట్టి, కుక్కర్ పక్కన పెట్టాను. మర్నాడు పొద్దున బియ్యం తీస్తూ ఆగాను. తాత కోపం గుర్తుంది కాబట్టి ముందు కీర్తనను అడిగాను. "నీ పేరు మీద ఒక పిడికెడు తీస్త. రోజూ. నీకు ఇష్టమేనా?" అది కాఫీ కప్పులోంచి తలెత్తి చూసింది. "నేను నమ్మను కద అమ్మా." "నమ్మమంటలేను. పేరు చెప్పుకుంట." "చెప్పుకో, నాకేంది," అని భుజాలు ఎగరేసి వెళ్ళిపోయింది. పిడికిలి గురిగి మీద పెట్టి "కీర్తన" అన్నాను. వేళ్ళు విచ్చుకోలేదు. ఆదివారం నుంచి ఆపుకున్న ఏడుపంతా అప్పుడు వచ్చింది. అయినా భయం వేయలేదు. ఈ పిల్ల కోసం నాకంటే ముందే ఒకరు ఏడుస్తున్నారని, ఆ పని నా ఒక్కదానిది కాదని తెలిసింది.

అలా కొన్నాళ్ళు గడిచింది. ఆమధ్య ఒక పొద్దున కళ్ళు మూసుకుని ఉండగా వెనక అలికిడైంది. తిరిగి చూస్తే వంటింటి గుమ్మంలో కీర్తన, భుజాన ల్యాప్‌టాప్ బ్యాగు, చేతిలో ఫోను. ఎంతసేపటి నుంచి నిలబడిందో తెలియదు. నేను దానికి తాత సంగతి ఎన్నడూ చెప్పలేదు.

"అమ్మా, నా పేరైందా? కింద క్యాబ్ వచ్చింది."

మళ్ళీ కళ్ళు మూసుకుని, "కాలే. జర సేపు నిలబడు," అన్నాను.

బ్యాగు నేల మీద పెట్టిన చప్పుడు వినిపించింది.